మొదటి కారు: అక్కర ఏ రోజుది, సరదా ఏ రోజుది?

మా అక్క కొడుకు ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. హైదరాబాద్‌లో ఇల్లు నాగోలులో, ఆఫీసు రాయదుర్గంలో. కారు కోసం ఏడాదిగా డబ్బు కూడబెడుతున్నాడు. దసరాకు వచ్చినప్పుడు ఫోన్లో రెండు ఫొటోలు చూపించాడు. ఒకటి ఎత్తుగా, బలంగా కనిపించే చిన్న ఎస్‌యూవీ. రెండోది నేలకు దగ్గరగా, తేలిగ్గా ఉండే హ్యాచ్‌బ్యాక్.

"ఇంట్ల అందరూ ఎత్తుగున్నదే తీస్కోమంటున్నరు మామా. గుంతల్ల తగలదు, సామాను పడ్తది అంటున్నరు. నాకేమో రెండోది నడిపినప్పటి సంది మనసంతా దాని మీదనే ఉంది."

ఈ మాట చాలామంది నోట విన్నాను. అక్కర ఒక పళ్లెంలో, సరదా ఇంకో పళ్లెంలో వేసి, ఒకటి లేస్తే రెండోది దిగాల్సిందే అన్నట్టు తూకం వేస్తుంటాం. పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో కారు నడుపుతూ, నలుగురైదుగురి మొదటి కారుకు తోడు వెళ్లాక నాకు తేలిందేమంటే, మనం రెండింటినీ తప్పుడు రోజుతో కొలుస్తున్నాం. అక్కర అనగానే సంక్రాంతికి ఊరెళ్లే రోజు గుర్తొస్తుంది. సరదా అనగానే ఔటర్ రింగ్ రోడ్డు మీద దూసుకుపోయే గంట గుర్తొస్తుంది. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ కారు ఎక్కడ తిరుగుతుందో, ఎంత వేగంతో తిరుగుతుందో ఎవరూ లెక్క వేయరు.

ముందు సరదా సంగతి చూద్దాం, ఎక్కువ పొరపాటు అక్కడే జరుగుతుంది. ఔటర్ 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. 2023లో అక్కడ వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. చట్టప్రకారం అంతకు మించి పోవడానికి ఈ ఊరి చుట్టుపక్కల చోటే లేదు. ఆ 120ని ఇవాళ మార్కెట్లో ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్ కూడా అందుకుంటుంది. కాబట్టి గరిష్ఠ వేగం చూసి కారు కొనడంలో అర్థం లేదు. ఉప్పల్ నుంచి తార్నాక మీదుగా సికింద్రాబాద్ పోయేటప్పుడు మన బండి ఎక్కువసేపు ఉండేది రెండో గేరులో, పదికి ముప్పైకి మధ్య. సరదా అనేది ఆ ముప్పైలో దొరకాలి. అక్కడ దొరకని కారు మనకు ఏడాదికి నాలుగు రోజులే ఆనందాన్నిస్తుంది.

ముప్పైలో సరదా ఏముంటుందని అనిపించవచ్చు. హబ్సిగూడ సిగ్నల్ దాటగానే జరిగే పని ఒకటి చెబుతాను. ఎడమ పక్కన ఆటో ముందు చక్రం మన బంపర్ మూలకు జానెడు దూరంలో ఉంటుంది. కుడి పక్కన బస్సు కదలబోతుంటుంది. ఆ రెండింటి మధ్య ఒక ఖాళీ పుట్టి మూడు సెకన్లు ఉంటుంది. కాలు కొంచెం నొక్కగానే బండి నొక్కినంత మేరకు, నొక్కిన క్షణంలోనే కదిలితే ఆ ఖాళీలోకి నెమ్మదిగా, ఎవరినీ భయపెట్టకుండా చేరిపోతాం. కొన్ని కార్లలో నొక్కాక ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా గుంజుతుంది. వెంటనే బ్రేకు. మళ్లీ క్లచ్. గంటలో ఇలాంటివి వంద జరుగుతాయి. ఇంటికి చేరాక మోకాలి కింద పట్టేసే ఆ నొప్పి, మెడలో బిగుతు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. చెప్పినట్టు వినే కారులో అదే దారి అలసట లేకుండా గడిచిపోతుంది. దాన్నే నేను నడపడంలోని ఆనందం అంటాను. అది అక్కర కూడా.

కంపెనీ కాగితం మీద పవర్, టార్క్ అని రెండు అంకెలుంటాయి. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని సైకిల్ మీద ఎత్తు ఎక్కుతున్నాం అనుకోండి. మొదటి తొక్కుకు కాలిలో పట్టే బలం టార్క్. ఆ తొక్కుడును ఎంత జోరుగా సాగించగలం అన్నది పవర్. ఊళ్లో రోజూ కావాల్సింది మొదటిది. అదీ ఎంత వస్తుంది అన్నదానికన్నా ఎక్కడ వస్తుంది అన్నది చూడాలి. 2024లో వచ్చిన స్విఫ్ట్ 1.2 లీటర్ల ఇంజన్‌లో దాదాపు 112 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, కానీ ఆ గరిష్ఠం 4,300 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి అన్ని చుట్లు తిరిగినప్పుడు. ఐ20 ఎన్ లైన్‌లోని 1.0 లీటర్ టర్బో 172 ఇస్తుంది, అదీ 1,500 నుంచి 4,000 దాకా. కాగితం చూస్తే పోలికే లేదు. అయితే టర్బో ఇంజన్ ఆ 1,500కు కిందుగా ఉన్నప్పుడు ఇంకా మేలుకోదు, జామ్‌లో మాన్యువల్ బండి ఉండేది తరచూ అక్కడే. స్విఫ్ట్ బరువు 920 కిలోల చుట్టుపక్కల కాబట్టి, ఆ చిన్న అంకెతోనే చురుగ్గా కదులుతుంది. రెండు అంకెలను బరువుతో కలిపి చదవాలి, చదివాక నడిపి చూడాలి.

పవర్ అక్కర్లేదని మాత్రం అనను. నాగార్జునసాగర్ రోడ్డు వైపు రెండు వరసల దారిలో, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ పూర్తిగా తిరుగుతుండగా గడ్డి లారీని దాటాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఎదుటి లేన్‌లో మనం ఉండే సెకన్లు ఎంత తగ్గితే అంత క్షేమం. అందుకే ఇంజన్ బలాన్ని ఒంటరిగా నడిపి అంచనా వేయకూడదు. నలుగురిని ఎక్కించుకుని చూడాలి.

గేర్‌బాక్స్ దగ్గర అందరూ తికమక పడతారు. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే, మన బదులు క్లచ్ నొక్కి గేరు మార్చే యంత్రం తగిలించడం. చవక, మైలేజీ పోదు, కానీ గేరు మారినప్పుడల్లా తల కొద్దిగా ముందుకు ఊగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నూనె పనిచేస్తుంది, జామ్‌లో పాకడం దానికి కష్టం కాదు. సీవీటీలో బెల్టు రెండు కప్పీల మధ్య జారుతూ ఉంటుంది. కుదుపే తెలియదు, గట్టిగా నొక్కితే మాత్రం మోత ముందు, వేగం వెనక. డీసీటీలో రెండు క్లచ్‌లు. రెప్పపాటులో గేరు మారుస్తుంది, మజా దానిదే. కానీ క్లచ్‌లు నూనెలో మునగని డ్రై క్లచ్ డీసీటీ అంగుళం అంగుళం పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. రోజూ గంటకు పైగా కొత్తగూడ, గచ్చిబౌలి, బయోడైవర్సిటీ జంక్షన్ మధ్య నడిపేవాళ్లు ఆటోమేటిక్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మాన్యువల్ వదిలేస్తే నడపడం రానట్టే అన్న మాటను పట్టించుకోనక్కర్లేదు. క్లచ్‌తో అలిసిపోయిన మనిషికి ఆదివారం కారు తీయాలనే అనిపించదు.

ఇక అక్కర పేరుతో మనం కొనే అంకెలు చూడండి. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు, 163 మిల్లీమీటర్లు, 2021లో వచ్చిన టాటా పంచ్‌ది 187. తేడా 24 మిల్లీమీటర్లు, పూర్తిగా అంగుళం కూడా కాదు. కాలనీల్లో సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద ఆ అంగుళం పనికొస్తుంది, కాదనను. కానీ వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలోంచి పోవచ్చన్న ధైర్యం దాన్ని చూసి తెచ్చుకోకూడదు. ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి నీరు చేరిందంటే ఎంత ఎత్తు బండి అయినా ఆగిపోతుంది, ఆగినదాన్ని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్ లోపల విరిగే ప్రమాదం ఉంది. మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో ఆ నష్టానికి పరిహారం రాదు, ఇంజన్ ప్రొటెక్షన్ యాడాన్ విడిగా తీసుకోవాలి. ఈ ఊళ్లో కారు కొంటున్నవాళ్లు దాన్ని వదలొద్దు.

డిక్కీ సంగతీ అంతే. స్విఫ్ట్‌లో 265 లీటర్లు, వ్యాగన్ ఆర్‌లో 341, పంచ్‌లో 366. పండగకు వెళ్లొచ్చేటప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తా, సకినాల డబ్బా, రెండు సూట్‌కేసులు అంటే ఈ వంద లీటర్లూ లెక్కకొస్తాయి. నేను మొదటి కారు కొన్నప్పుడు ఆ ఒక్క ప్రయాణాన్నే మనసులో పెట్టుకుని పెద్ద డిక్కీ ఉన్న సెడాన్ తీసుకున్నాను. మూడేళ్లలో ఆ డిక్కీ నాలుగుసార్లు నిండింది. రోజూ మాత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు స్తంభాల మధ్య ఆ పొడవును తిప్పడానికి మూడేసి సార్లు ముందుకూ వెనక్కూ ఆడించాల్సి వచ్చేది. ఎడమ వెనక తలుపు మీద స్తంభం గీసిన సున్నపు చార ఆ కారు అమ్మేదాకా ఉంది. కొనేముందు టేపు పట్టుకుని పార్కింగ్ కొలవండి. తలుపు తెరిచి మనిషి దిగడానికి ఎంత మిగులుతుందో చూడండి. సెల్లారు ర్యాంపు మలుపులో కారు ముక్కు ఎటు తిరగాలో ఊహించుకోండి.

మన చిన్న కార్లన్నీ పొట్టిగా, ఎత్తుగా ఎందుకుంటాయో దీనితో ముడిపడి ఉంది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారుకు కొలత ఏమిటంటే పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ 1,500 సీసీ దాటకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో కూడా అదే గీత: ఈ కొలతలో ఉంటే 18 శాతం, దాటితే 40. పొడవు పెంచే వీలు లేకపోతే డిజైనర్‌కు మిగిలేది ఎత్తే. మనుషుల్ని నిటారుగా కూర్చోబెడితే కాళ్లకు చోటు వస్తుంది. కానీ ఎత్తు పెరిగితే బరువు పైకి పోతుంది, మలుపులో బండి పక్కకు వాలుతుంది.

ఆ వాలడం నడిపేవాడి సరదాకు మాత్రమే సంబంధించిందని చాలామంది అనుకుంటారు. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక, దోమలపెంట నుంచి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో వెనక సీట్లో కూర్చున్న పిల్లల్ని అడగండి. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి మలుపు ముందే తెలుసు, ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. వెనకవాళ్లకు తెలియదు. బండి ఒక పక్కకు ఒరిగి, లేచి, మళ్లీ రెండో పక్కకు ఒరిగితే కడుపులో తిప్పుతుంది. సస్పెన్షన్ బిగువుగా కుదిరిన కారు అదే మలుపులో ఒక్కసారే ఒరిగి నిలబడుతుంది. మలుపులో నమ్మకంగా నిలబడే గుణం, సీటులో వాంతి కవరు అక్కర్లేకపోవడం రెండూ ఒకే చోటు నుంచి వస్తాయి. అయితే మరీ బిగువైతే పాతబస్తీ రాళ్ల సందుల్లో నడుముకు దెబ్బ. అందుకే వెనక సీట్లో కూర్చుని కూడా ఒక రౌండు వేయాలి. కారు కొనేవాళ్లు ఆ పని చేయడం నేను చాలా తక్కువగా చూశాను.

డబ్బు విషయంలో రెండు మూడు మాటలు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ధరను బట్టి శ్లాబుల్లో పడుతుంది. 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు 14 శాతం. పది లక్షలు దాటగానే శాతం పెరుగుతుంది, పెరిగిన శాతం మొత్తం ధర మీద పడుతుంది. 9.90 లక్షల కారుకు 1,38,600 రూపాయలైతే, 10.10 లక్షల కారుకు కనీసం ముప్పై వేలు ఎక్కువ. సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కు వెళ్లేవాళ్లు ఈ గీత దాటుతున్నామా అన్నది చూసుకోవాలి. సన్‌రూఫ్ మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఏప్రిల్, మే ఎండల్లో దాన్ని తెరవం, వానల్లో తెరవం. ఆ డబ్బుతో అదే కారులో మంచి ఇంజన్ ఉన్న మధ్య వేరియంట్ తీసుకుంటే రోజూ వాడుకుంటాం.

మైలేజీ గురించి ఇళ్లలో జరిగినంత చర్చ ఇంకేదాని మీదా జరగదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరు 107 రూపాయల లెక్కన, పదిహేను ఇచ్చే కారుకు ఏడు వేల నూట ముప్పై, పద్దెనిమిది ఇచ్చే కారుకు ఐదు వేల తొమ్మిది వందల యాభై. తేడా దాదాపు పన్నెండు వందలు. అదే ఎనిమిది లక్షల లోను 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే వడ్డీ సుమారు 1.96 లక్షలు, ఏడేళ్లకు తీసుకుంటే 2.81 లక్షలు. నెల వాయిదా తగ్గిందని సంతోషపడే చోట ఎనభై ఐదు వేలు పోతున్నాయి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే కొనాలన్న నియమం కూడా లేదు, బయట ధర కనుక్కుని బేరమాడండి.

ఎలక్ట్రిక్ కారు గురించి కూడా అడుగుతారు. సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ దొరుకుతుంది కాబట్టి, ముప్పైలో సరదా అన్న లెక్కకు అంతకన్నా సరిపోయేది లేదు. తెలంగాణలో 2024 నవంబరు విధానం కింద 2026 డిసెంబరు ఆఖరు దాకా లైఫ్ ట్యాక్స్ మినహాయింపు కూడా ఉంది. సెల్లార్లో సొంత మీటరు నుంచి చార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది ముందు తేల్చుకోవాలి.

పాత కారైతే సరదా చవగ్గా దొరుకుతుంది. 2022లో అమ్మకాలు ఆగిన ఫోక్స్‌వ్యాగన్ పోలోను ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు. ఇక్కడ రిజిస్టరైన బండికి లైఫ్ ట్యాక్స్ ముందే కట్టి ఉంటుంది. వేరే రాష్ట్రం నంబరు బండి తెస్తే ఇక్కడ మళ్లీ కట్టాలి.

అక్కర, సరదాల తూకంలోకి అసలు రాకూడనిది ఒకటుంది. 2023 అక్టోబరు 1 నుంచి, కారు ఢీకొంటే లోపలివాళ్లకు ఎంత రక్షణో చూసి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి. మీరు చూస్తున్న కారుకు ఎన్ని స్టార్లు వచ్చాయో, ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ మీరు కొనే వేరియంట్‌లోనే ఉన్నాయో లేదో చూసి, లేనివాటిని జాబితాలోంచి కొట్టేయండి. తూకం మిగిలినవాటి మధ్యనే.

మా అక్క కొడుక్కి నేను ఏ కారు కొనాలో చెప్పలేదు. రెండు వారాలపాటు ఇంట్లో ఎవరు, ఎక్కడికి, ఎలా వెళ్లారో ఒక కాగితం మీద రాయమన్నాను. రాసుకొచ్చాడు. ఆఫీసుకు వెళ్లిన పది రోజులూ మెట్రోనే. నాగోలులో ఎక్కితే రాయదుర్గంలో దిగడమే, రైలు మారే పని లేదు. 2019 నవంబరులో రాయదుర్గం స్టేషన్ తెరిచినప్పటి నుంచీ ఆ వైపు వాళ్లకు ఆ సౌకర్యం ఉంది. కారు ఉంటే తీసేవాళ్లం అనిపించిన ప్రయాణాలు ఐదు: అక్కను కొత్తపేటలో డాక్టరు దగ్గరికి రెండుసార్లు, ఘట్‌కేసర్‌లో పెళ్లికి, భువనగిరిలో బావ వాళ్లన్న ఇంటికి, ఆదివారం యాదగిరిగుట్టకు.

ఆ కాగితంతో లెక్క తిరగబడింది. రోజువారీ జామ్ అతని కారుకు లేదు, కాబట్టి ఆటోమేటిక్‌కు పెట్టే డబ్బు మిగిలింది. వరంగల్ హైవే మీద వారాంతపు ప్రయాణాలే ఎక్కువ కాబట్టి, నడపడంలో సరదా కావాలన్న కోరికకు న్యాయం ఉంది. కానీ ఆ ఐదు ప్రయాణాల్లోనూ అక్క ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఎత్తు కారు కావాలని ఇంట్లోవాళ్లు అన్నదానికి అసలు కారణం ఇదే. గుంతలూ సామానూ పైకి చెప్పుకున్నవి.

టెస్ట్ డ్రైవ్‌కు నేనూ వెళ్లాను. షోరూమ్ చుట్టూ ఒక రౌండుతో సరిపెట్టి కొనిపించడం నా స్నేహితుడి విషయంలో చూశాను. ఆర్నెల్లలో క్లచ్ బరువుకు అతని కాలు వాచిపోయింది. అందుకే సాయంత్రం ఆరున్నరకు, నలుగురం ఎక్కి, ఏసీ వేసి, మా దారిలోనే తిప్పుతామని ముందే ఫోన్ చేసి ఒప్పించాం. ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా వెళ్లి, తిరిగొచ్చి, అక్క వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లారు ర్యాంపు కూడా ఎక్కించి దించాం.

ఎత్తు కారు వెనక సీట్లోంచి అక్క కాలు కింద పెట్టి సులువుగా లేచింది. హ్యాచ్‌బ్యాక్‌లో తలుపు అంచు పట్టుకుని రెండోసారి ప్రయత్నిస్తేగానీ లేవలేకపోయింది. వాడి ముఖం వాడిపోయింది. "పోనీ, అదే తీసుకుందాం మామా" అన్నాడు మెల్లగా.

"ఆగు రా" అంటూ అక్క వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. ముందు తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది, సీటు పూర్తిగా వెనక్కి జరుపుకోవచ్చు. రెండు కాళ్లూ బయటికి తిప్పి, సీటు అంచు మీద చేయి ఆనించి లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. "నేను ముందట కూసుంట. మీ నాయన ఎనకకు పోతడు" అంది.

బావ అప్పటికే ఆమె వెనక సీట్లోకి ఎక్కి, మోకాళ్లకూ ముందు సీటుకూ మధ్య అరచేయి పెట్టి చూసుకుంటున్నాడు. చేయి దూరింది. మధ్య వేరియంట్, మాన్యువల్, ఐదేళ్ల లోను. సెల్లార్ కొలతల కాగితం తీసుకుని వాడు సేల్స్ అబ్బాయి బల్ల దగ్గరికి నడిచాడు.